ఆటోమేటిక్ బండికి మాన్యువల్ గేర్‌బాక్సు: వేయించాలా, ఉన్నదే బాగుచేయించాలా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌కి ఆటోమేటిక్ కారు తాడు కట్టి లాక్కొచ్చారంటే, అరగంటలో ఓనరు చెవిలో మూడు సలహాలు పడతాయి. బాక్సు ఇప్పి బాగుచేద్దామని ఒకరు, పాత బాక్సు తెచ్చి పెడదామని ఇంకొకరు, "ఈ ఆటోమేటిక్ గోల మనకెందుకండీ, మాన్యువల్ వేసేద్దాం, ఇక దాని వంక చూడక్కర్లేదు" అని మూడో ఆయన. మూడోది వినడానికి హాయిగా ఉంటుంది. తుక్కు బళ్ళలో మాన్యువల్ బాక్సులు సులువుగా దొరుకుతాయి, ఆటోమేటిక్‌తో పోలిస్తే చవక కూడా. కానీ ఈ పనిలో గేర్‌బాక్సుది చిన్న వాటా. ఇంజన్ వెనక ఫ్లైవీల్, కాళ్ళ దగ్గర మూడో పెడల్, డాష్‌బోర్డు కింద వైరింగు, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్, చక్రాల దాకా వెళ్ళే షాఫ్టులు, ఆఖరికి ఆర్సీ కాగితం, ఇవన్నీ కలిపితేనే అసలు లెక్క. బాక్సు ధర ఒక్కటే చూసి ఊ కొట్టినవాళ్ళే బండి షెడ్డులో పెట్టుకుని నెలల తరబడి తిరుగుతారు.

మా మాట ముందే చెప్పేస్తాం. అదే మోడలు, అదే ఇంజన్, ఏడాది అటూఇటూగా ఉన్న మాన్యువల్ బండి ఒకటి మొత్తంగా ఒకేచోట దొరికితేనే ఈ మార్పిడి గురించి ఆలోచించాలి. సామాన్లు పది షాపుల్లో ఏరుకోవాల్సి వస్తే వదిలేయండి.

ముందు బాక్సు నిజంగా పోయిందో లేదో తేల్చండి

డిప్‌స్టిక్కు ఉన్న బాక్సయితే తెల్ల గుడ్డ మీద నాలుగు చుక్కల ఆయిల్ వేసి చూడండి. ఎర్రగా, తేటగా ఉంటే ఆయిల్ బాగున్నట్టు. గోధుమ రంగుకి తిరిగి మాడు వాసన కొడుతుంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. రోజ్ మిల్క్‌లా గులాబీ రంగులో పాలలా ఉందంటే రేడియేటర్ ట్యాంకులో ఉండే ఆయిల్ కూలర్‌కి చిల్లు పడి, కూలెంటు బాక్సులోకి దిగింది. ఇలాంటి బాక్సుకి ఆయిల్ మార్చి సరిపెట్టలేం. ప్లేట్ల మీది లైనింగు నీళ్ళు తగిలాక ఊడిపోతుంది. రేడియేటర్ మార్చకుండా ఇంకో పాత బాక్సు పెడితే అదీ అదే దారి పడుతుంది. సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఆయిళ్ళలో ఆకుపచ్చవీ నీలివీ కూడా ఉంటాయి కాబట్టి అక్కడ రంగు మీద తీర్పు చెప్పకండి, వాసన, మెరిసే పొడి చూడండి.

తర్వాత స్కానర్. పీ0700 కోడ్ కనిపించగానే "బాక్సు పోయిందండీ" అనేవాళ్ళున్నారు. ఆ కోడ్‌కి అర్థం అది కాదు. గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఇంకో కోడ్ పడింది, అక్కడికెళ్ళి చూడమని ఇంజన్ కంప్యూటర్ చెబుతోంది, అంతే. ఆ రెండో కోడ్ ఆయిల్ దారి తెరిచి మూసే సొలినాయిడ్‌దో, స్పీడ్ సెన్సర్‌దో, గేరు ఏ స్థానంలో ఉందో చెప్పే ఇన్హిబిటర్ స్విచ్‌దో అయితే బాక్సు దించకుండానే పని అయిపోవచ్చు. బ్యాటరీ నీరసించినా కొన్ని బళ్ళు ఒకే గేరులో ఇరుక్కుని నడుస్తాయి. కాబట్టి మొదట వోల్టేజీ చూడండి.

మూడో పరీక్షకి ఖర్చు లేదు. ఇంజన్ వేడెక్కాక బ్రేకు తొక్కి న్యూట్రల్ నుంచి డీలోకి వేసి, బండి చిన్నగా ఊగే దాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. టొయోటా సర్వీసు మాన్యువళ్ళు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని బాక్సుకి అందించే భాగం) ఉన్న బాక్సులకి ఇచ్చే హద్దు డీకి 1.2 సెకన్ల లోపు, రివర్సుకి 1.5 సెకన్ల లోపు. డీకి ఆలస్యమై రివర్సు బాగుంటే ముందుకు నడిపే క్లచ్ దగ్గరే లోపం. రెండూ ఆలస్యమైతే ఆయిల్ ప్రెషర్ తక్కువ, అది ఫిల్టర్ మూసుకుపోవడమూ కావచ్చు. ఇంత తేడా చూడకుండా "వేస్టు బాక్సు" అని తేల్చేసే చోట మీ బండి ఇప్పించకండి.

మీ బండిలో ఉన్నది ఏ ఆటోమేటిక్?

ఏఎంటీ అయితే కథ వేరు. 2014లో సెలేరియోతో మారుతి తెచ్చిన ఏజీఎస్ లాంటివి లోపల మామూలు మాన్యువల్ బాక్సులే. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు అన్నీ ఉంటాయి. కాలూ చెయ్యీ చేసే పనిని యాక్చువేటర్ చేస్తుంది. దీన్ని మాన్యువల్ చేయడం మిగతావాటికంటే తేలిక, అవసరం మాత్రం అరుదు. ఏఎంటీ జర్కులు కొడుతుంటే ఎక్కువసార్లు క్లచ్ ప్లేటు అరిగి ఉంటుంది. కొత్త క్లచ్ సెట్టు వేసి, స్కానర్‌తో క్లచ్ కలిసే చోటు మళ్ళీ నేర్పిస్తే దారికొస్తుంది. ప్లేటు మార్చి నేర్పించడం మర్చిపోయి "బాక్సు బాగోలేదు" అనే బళ్ళే ఎక్కువ.

టార్క్ కన్వర్టర్ ఉన్న నాలుగు, అయిదు, ఆరు గేర్ల బాక్సులే ఈ మార్పిడికి అసలు సందర్భం. చాలా సీవీటీలదీ అదే దారి: ఇంజన్ వెనక పల్చటి ఫ్లెక్స్ ప్లేటు, దానికి కన్వర్టర్. డీసీటీలకి (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఫ్లైవీల్ ఉంటుంది కానీ అది వాటి సొంత స్ప్లైన్ల (షాఫ్టు మీది పళ్ళ) కొలతతో చేసింది, మాన్యువల్ క్లచ్‌కి పనికి రాదు. డీసీటీ ఉన్న బళ్ళలో గేర్‌బాక్సు కంప్యూటర్, ఇంజన్ కంప్యూటర్ మాట్లాడుకోవడం మరీ ఎక్కువ. వాటి జోలికి వెళ్ళకపోవడమే నయం.

ఉన్న దారులు

మొదటిది, ఉన్న బాక్సునే బాగుచేయించడం. బండి బీఎస్-6 అయితే, అంటే 2020 ఏప్రిల్ తర్వాతదైతే, మా ఓటు దీనికే. సీల్ కిట్టు, క్లచ్ ప్లేట్లు, ఫిల్టర్ మార్చి, వాల్వ్ బాడీ శుభ్రం చేసే మనిషి దొరకాలి. ఒప్పుకునే ముందు ఒకటే అడగండి: "టార్క్ కన్వర్టర్ ఏం చేస్తారు?" దాన్ని కడగలేం. కాలిన ప్లేట్ల పొడి, లోహపు రజను దాని కడుపులో ఉండిపోతుంది, కొత్తగా కట్టిన బాక్సులోకే మళ్ళీ వస్తుంది. కోసి, శుభ్రం చేసి, వెల్డింగ్ పెట్టి, బ్యాలెన్స్ చూసి ఇస్తారా, ఇంకోటి పెడతారా అన్నదానికి జవాబు లేకపోతే అక్కడ వద్దు. ఆయిల్ కూలర్ పైపులు కూడా అంతే, కొత్త ఆయిల్‌తో తోయించాలి.

రెండోది, పాత ఆటోమేటిక్ బాక్సు తెచ్చి పెట్టడం. వేగంగా అయ్యే పని. బాక్సు నంబరు, చివరి గేరు నిష్పత్తి, ఇంజన్ కోడ్ కలవాలి. బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. కన్వర్టర్‌ని బాక్సులోకి తోసి తిప్పుతుంటే అది రెండు మూడు మెట్లుగా 'టక్' 'టక్' మంటూ లోపలికి దిగాలి. పూర్తిగా దిగకుండానే బెల్ హౌసింగు (ఇంజన్‌కి అతుక్కునే బాక్సు ముందు భాగం) బోల్టులు బిగించి లాగితే ఆయిల్ పంపు పగులుతుంది. ఇంజన్‌కి బాక్సు కూర్చున్నాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, ఫ్లెక్స్ ప్లేటుకీ దానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేదంటే వెంటనే ఆపించండి.

మూడోది మాన్యువల్ బాక్సు. దీని గురించే కింద పొడుగ్గా చెబుతాం. నాలుగోది చాలామందికి తట్టదు: మాన్యువల్ బండి ఇంజన్, గేర్‌బాక్సు, వైరింగు, ఈసీయూ, తాళం చెవి మొత్తం సెట్టుగా ఎక్కించడం. ఇంజన్ కూడా అలసిపోయిన బండికి మూడోదానికన్నా ఇదే నయం, ఎందుకంటే కింద చెప్పే క్రాంక్ తలనొప్పి, సెన్సర్ తలనొప్పి రెండూ తప్పుతాయి. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీఏ పని మాత్రం తప్పదు.

ఇంజన్ వెనక ఏముంటుంది: పని చెడేది ఇక్కడే

ఆటోమేటిక్ కోసం కట్టిన ఇంజన్‌కి క్రాంక్ (ఇంజన్ ప్రధాన షాఫ్టు) చివర బరువైన ఫ్లైవీల్ ఉండదు, పల్చటి ఉక్కు రేకు లాంటి ఫ్లెక్స్ ప్లేటు ఉంటుంది. బరువు పని కన్వర్టర్ చూసుకుంటుంది. దాన్ని తీసి ఫ్లైవీల్ పెట్టడమంటే నాలుగు సంగతులు తేల్చుకోవాలి.

బోల్టులు. ఫ్లెక్స్ ప్లేటు పల్చన కాబట్టి దాని బోల్టులు పొట్టి. అవే ఫ్లైవీల్‌కి వాడితే నాలుగు చుట్లే పట్టి, ఒకరోజు హైవే మీద ఊడతాయి. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి కొనండి. సాగి బిగుసుకునే రకం బోల్టులు ఒక్కసారికే. రంధ్రం క్రాంక్ లోపలికి పోయే ఇంజన్లలో మరలకి సీలెంటు పూయకపోతే ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి వస్తుంది. బాక్సు దిగి ఉండగానే క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా మార్చేయండి. దాని ఖర్చు కొంచెమే, తర్వాత మార్చాలంటే పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

పళ్ళు. కొన్ని ఇంజన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ళ చక్రం ఫ్లెక్స్ ప్లేటు మీదే ఉంటుంది. ఫ్లైవీల్ మీద ఆ పళ్ళ సంఖ్యో, వదిలేసిన పన్ను చోటో తేడా ఉంటే ఇంజన్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు. అప్పుడు అందరూ ఇమ్మొబిలైజర్‌నే (సొంత తాళం చెవి కాకపోతే స్టార్ట్ కానివ్వనిది) అనుమానిస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టండి, పది నిమిషాల పని. సెల్ఫ్ మోటారు పట్టే రింగు గేరు సంగతీ అంతే. వ్యాసం తేడా ఉంటే మాన్యువల్ బండి సెల్ఫ్ మోటారే కావాలి, ఇంజన్‌కీ బాక్సుకీ మధ్య ఉండే పల్చటి రేకు కూడా ఆ బండిదే కావాలి. ఆ రేకు వదిలేస్తే సెల్ఫ్ పళ్ళు లోతుగా దిగి అరుస్తాయి.

బ్యాలెన్స్. కొన్ని ఇంజన్లకి ఫ్లైవీల్ మీదే తూకపు ముక్క ఉంటుంది. అలాంటి చోట 'బోల్టులు పడ్డాయి కదా' అని వేరే ఫ్లైవీల్ పెడితే ఒక వేగం దాటాక స్టీరింగు దాకా వణుకు వస్తుంది.

నాలుగోది పైలట్ బేరింగు, అంటే బాక్సు షాఫ్టు కొనని క్రాంక్ చివర మోసేది. అడ్డంగా పెట్టిన ఇంజన్ల ముందు చక్రాల కార్లలో చాలావాటికి దీని బాధ ఉండదు. బాక్సు షాఫ్టుకి రెండు బేరింగులూ బాక్సులోనే ఉంటాయి. కొన్ని కంపెనీలు ఫ్లైవీల్ మధ్యలోనే చిన్న బేరింగు పెడతాయి, అప్పుడు ఫ్లైవీల్‌తో పాటే వస్తుంది. నిలువు ఇంజన్లున్న జీపులు, ఎస్‌యూవీలు, పికప్పుల్లో మాత్రం బాక్సు షాఫ్టు కొన క్రాంక్ చివరి రంధ్రంలో బుష్ మీద ఆనుకోవాలి. ఆటోమేటిక్ క్రాంక్‌కి ఆ రంధ్రం ఒక్కోసారి చిన్నది, ఒక్కోసారి లోతు చాలదు, ఒక్కోసారి గరుకుగా డ్రిల్లు వేసి వదిలేసి ఉంటుంది.

దీన్ని ఊహించకండి, కొలవండి. బెల్ హౌసింగు ముఖం మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, షాఫ్టు కొన దాన్ని దాటి ఎంత ముందుకొచ్చిందో వెర్నియర్‌తో చూడండి. 18 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇంజన్ వెనక ముఖం నుంచి క్రాంక్ రంధ్రం అడుగుదాకా లోతు కొలవండి. మధ్య రేకు మందం కలుపుకొని 16 వచ్చిందనుకోండి, అప్పుడు కొన 2 మిల్లీమీటర్లు ముందే గుద్దుకుంటుంది. కావలసింది దానికి తిరగబడ్డ లెక్క: కొనకీ అడుగుకీ మధ్య కనీసం 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ. షాఫ్టు కొన మీద కొంచెం గ్రీజు పూసి బాక్సు ఎక్కించి, దించి, అది అడుగున అంటిందేమో చూడటం ఆటోనగర్ పద్ధతి. అదీ పనికొస్తుంది.

గుద్దుకుంటున్నా పట్టించుకోకుండా బోల్టులతో లాగితే ఏమవుతుంది? బాక్సు కూర్చుంటుంది, బండి కూడా నడుస్తుంది. కానీ క్రాంక్ ముందుకు నెట్టబడి, అది ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగు మీద ఎప్పుడూ బరువు పడుతుంటుంది. కొద్ది నెలల్లో ఆ బేరింగు తినేసి క్రాంక్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఇంజన్ పోయిందంటారు, చంపింది గేర్‌బాక్సని ఎవరికీ తెలియదు. అందుకే ఒక కట్టుబాటు: బెల్ హౌసింగు చేత్తో నెడితే ఇంజన్ ముఖానికి అతుక్కోవాలి. బోల్టులు బిగించడానికే, లాగడానికి కాదు.

లోతు చాలకపోతే లేతు మీద షాఫ్టు కొన కొంచెం తగ్గించవచ్చు, బుష్‌లో ఆనే పొడవు తగినంత మిగలాలి. రంధ్రం చిన్నదైతే క్రాంక్‌ని ఇంజన్‌లోనే ఉంచి చేతి డ్రిల్లుతో పెంచుతామనే మేస్త్రికి దండం పెట్టి వచ్చేయండి. సెంటరు వంద శాతం పోతుంది. అమెరికా క్రైస్లర్ వీ8 ఆటోమేటిక్ క్రాంకులు చాలావాటికి ఈ రంధ్రం పూర్తిగా చెక్కేవారు కాదు. అందుకని కన్వర్టర్ ముక్కు కూర్చునే పెద్ద గుంటలో ఇమిడే బేరింగు వేయడం అక్కడ అలవాటైంది. మన దగ్గర కూడా ఆ గుంట కొలతకి బయట, షాఫ్టు కొన కొలతకి లోపల వచ్చేలా కంచు బుష్ చేయించుకోవచ్చు. బుష్ గుంటలో బిగువుగా దిగాలి, షాఫ్టు అందులో వదులు లేకుండా చేత్తో తిరగాలి.

థ్రస్ట్ బేరింగు గురించి ఇంకో మాట. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ ముందుకు నెట్టబడుతుంది. ఆటోమేటిక్‌లో పని చేసిన పాత ఇంజన్‌కి ఆ బేరింగు ముందే అరిగి ఉంటే, క్లచ్ వచ్చాక వేగంగా ముగుస్తుంది. డయల్ గేజీ పెట్టి క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ నెట్టి చూడండి. చాలా కార్లకి 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల ఆట మామూలు. అంతకు మించితే థ్రస్ట్ వాషర్లు మార్చాకే మాన్యువల్ మాట. బాక్సు బిగించాక మళ్ళీ కొలవండి. ముందున్న ఆట బిగించాక మాయమైతే షాఫ్టు గుద్దుకుంటున్నట్టే.

ఇంజన్‌కీ బాక్సుకీ మధ్య ఉండే రెండు డోవెల్ పిన్నులు చిన్నవే. ఇప్పేటప్పుడు పాత బాక్సుతో పాటు పోతాయి, ఎవరూ వెతకరు. అవి లేకపోతే బోల్టు రంధ్రాల్లో ఉన్న సందు మేరకు బాక్సు పక్కకి జరుగుతుంది. ఈ సెంటరు తేడాకి మేస్త్రీలు పాటించే పాత హద్దు డయల్ గేజీ మీద 0.005 అంగుళం, అంటే 0.13 మిల్లీమీటరు. దాన్ని దాటితే క్లచ్ వదలదు, గేరు గరగరలాడుతుంది, ముందు బేరింగు కూత పెడుతుంది.

క్లచ్, పెడళ్ళు, షాఫ్టులు

క్లచ్ సెట్టు కొత్తదే వేయండి: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ. తుక్కు బండి ఫ్లైవీల్‌కి నీలం మచ్చలుంటే లేతులో చెక్కించండి. చాలా డీజిల్ బళ్ళలో రెండు ముక్కల ఫ్లైవీల్ ఉంటుంది. పాతది కొనేటప్పుడు రెండు ముక్కల మధ్య ఆట చూడండి, కొట్టుకునే శబ్దం వస్తే వదిలేయండి. దాని బదులు ఒకే ముక్క ఫ్లైవీల్ వేస్తే చవక, కానీ ఐడిల్‌లో బాక్సు గలగలమంటుంది. దాన్ని భరించగలిగితే వేసుకోండి.

పెడల్ సెట్టు మొత్తం మాన్యువల్ బండిదే కావాలి, ఆటోమేటిక్ బ్రేకు పెడల్ వెడల్పు మూడో పెడల్‌కి చోటివ్వదు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో క్లచ్ మాస్టర్ సిలిండర్ కూర్చునే రంధ్రం చాలా బళ్ళలో రేకుతో మూసి ఉంటుంది. లేకపోతే కోయాలి, కోసినచోట వెనక మందపాటి ప్లేటు వేయాలి. ప్లేటు వేయకపోతే తొక్కినప్పుడల్లా గోడ రేకే వంగి, క్లచ్ సగమే వదులుతుంది. గాలి ఉందేమోనని బ్లీడింగు మీద బ్లీడింగు చేస్తూ రెండు రోజులు పోతాయి.

డ్రైవ్‌షాఫ్టులు కొలవకుండా వాడకండి. బాక్సు వైపు స్ప్లైన్ల సంఖ్య, పొడవు రెండూ మారుతుంటాయి. ఒక సెంటీమీటరు పొట్టిదైనా గోతిలో చక్రం కిందికి దిగినప్పుడు లోపలి జాయింటు జారుతుంది. నిలువు ఇంజన్ల బళ్ళలో ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, బాక్సు కింద క్రాస్ మెంబరు మారతాయి. గేర్ లివరు, రెండు కేబుళ్ళు, బాక్సు మౌంటింగులు అన్నీ అదే బండివి. రేడియేటర్‌కి ఉన్న రెండు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్సు ఆయిల్) పైపుల మూతులు మూయించండి.

గేరాయిల్ విషయంలో మేస్త్రి చేతిలో ఏది ఉంటే అది పోయనివ్వకండి. ఇత్తడి సింక్రో రింగులున్న బాక్సుకి కంపెనీ జీఎల్-4 అడిగితే జీఎల్-5 పోయకూడదు, అందులో గంధకం మందు ఇత్తడిని తినేస్తుంది. 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90లలో ఏదన్నది బండి పుస్తకంలో ఉంటుంది. చాలా కార్ల బాక్సులకి రెండు లీటర్లు, అటూఇటూగా పడుతుంది. తుక్కు బాక్సు కొనేటప్పుడు పాత ఆయిల్ ఒంపి చూడండి. బంగారు రంగు పొడి కొంచెం మామూలే, ముక్కలు రాకూడదు.

వైరింగు, ఈసీయూ

ఇక్కడ రెండు పద్ధతులు. ఒకటి మాన్యువల్ బండి ఈసీయూ, ఇమ్మొబిలైజర్, తాళం చెవి చిప్పు సెట్టుగా తెచ్చి పెట్టడం. రెండోది పాత ఈసీయూనే ఉంచి దాన్ని నమ్మించడం.

నమ్మించే పద్ధతి పాత బళ్ళలో సాగుతుంది. ఆటోమేటిక్ బండి పీ, ఎన్‌లలోనే స్టార్ట్ అవుతుంది. అందుకోసం ఇన్హిబిటర్ స్విచ్‌కి వెళ్ళే రెండు వైర్లనూ శాశ్వతంగా కలిపేస్తే గేరులో ఉండగా తాళం తిప్పినా బండి ముందుకు గెంతుతుంది. వాటిని క్లచ్ పెడల్ స్విచ్ ద్వారా తీసుకెళ్ళమని గట్టిగా చెప్పండి. రివర్సు లైటు వైర్లు మాన్యువల్ బాక్సు మీది స్విచ్‌కి. పీలో లేనిదే తాళం చెవి బయటికి రాని బళ్ళలో ఆ చిన్న సొలినాయిడ్ సంగతి చూడకపోతే చెవి స్టీరింగులోనే ఉండిపోతుంది. పీ అన్నదే ఇక లేదు కాబట్టి హ్యాండ్ బ్రేకు బాగుచేయించాలి.

కొత్త బళ్ళలో గేర్‌బాక్సు కంప్యూటర్ మాట వినపడకపోతే యు0101 కోడ్ పడుతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది. కొన్ని ఈసీయూలు అంతటితో ఊరుకోక ఇంజన్ బలాన్నీ తగ్గిస్తాయి. ఐడిల్ ఎక్కువగా నిలబడటం, కాలు తీసినా ఆర్‌పీఎం నెమ్మదిగా దిగడం కూడా ఆటోమేటిక్ లెక్కల వల్లే. ఏబీఎస్, హిల్ హోల్డ్ యూనిట్లకి కూడా బండి రకం చెప్పాల్సి రావచ్చు. ఈ పని చేతనైన వైరింగు మనిషి పేరు ముందు తేలాలి, బాక్సు తర్వాత కొనాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ఒకే ఇంజన్, రెండు టార్కులు

ఇది తెలియక దెబ్బతినేవాళ్ళు పెద్ద బళ్ళవాళ్ళు. 2021 ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ ఆటోమేటిక్‌లో 500 ఎన్ఎం ఇస్తుంది, మాన్యువల్‌లో 420. ఎక్స్‌యూవీ700 డీజిల్ ఆటోమేటిక్ 450, మాన్యువల్ 420. స్కార్పియో-ఎన్ 175 పీఎస్ డీజిల్ ఆటోమేటిక్ 400, మాన్యువల్ 370. ఇంజన్ ఒకటే. మాన్యువల్ క్లచ్, గేర్లు తట్టుకునేలా కంపెనీయే ఈసీయూలో తగ్గించింది. ఆటోమేటిక్ ఈసీయూ ఉంచి మాన్యువల్ బాక్సు వేస్తే ఆ తేడా మొత్తం క్లచ్ మీద పడుతుంది. 2016 ఇనోవా క్రిస్టాలో మాన్యువల్ 2.4 ఇంజన్‌తో, ఆటోమేటిక్ 2.8 ఇంజన్‌తో వచ్చాయి. "అదే క్రిస్టా కదా" అని ఆ బాక్సు తెచ్చి దీని వెనక పెట్టాలనుకోవడం అక్కడే తప్పుతుంది.

తిరగేసిన బేరం

మాన్యువల్ బండికి ఇంజన్ పోయి, చవకగా ఆటోమేటిక్ బండి ఇంజన్ దొరికిందనుకోండి. ఇది మంచి బేరమే. మీ పెడళ్ళు, వైరింగు, ఈసీయూ అన్నీ ఉన్నాయి. మీ పాత ఇంజన్ ఫ్లైవీల్, మధ్య రేకు, డోవెల్ పిన్నులు దీనికి మార్చి, ఫ్లైవీల్‌కి సరైన పొడవున్న కొత్త బోల్టులు వేసి, పైన చెప్పిన పళ్ళు, పైలట్ రంధ్రం, క్రాంక్ ఆట మూడూ చూసుకుంటే చాలు.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే గట్టిగా చెప్పింది. చాలా ఆర్సీల్లో మోడలు పేరులోనే ఏటీ అనో సీవీటీ అనో ఉంటుంది. ఇంజన్ మార్చినా ఆ మార్పు 14 రోజుల లోపు ఆర్టీఏకి తెలపాలి. బాక్సు కొనక ముందే మీ ఆర్టీఏ ఆఫీసులో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. షెడ్డులో "ఎవరు చూస్తారండీ" అంటారు. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయరు చూస్తాడు. తుక్కు బండి సామాను కొన్నచోట బిల్లు, ఇంజన్ అయితే దాని పాత బండి కాగితాల నకలు తీసుకోండి.

ఎవరికి ఏది

బీఎస్-4 లేదా అంతకుముందు బండి, అదే మోడలు మాన్యువల్ చాలా అమ్ముడై తుక్కులో మొత్తం బండి దొరికేది, ఆటోమేటిక్ బాక్సు సామాను దొరకనిది, నడిపేది మీరొక్కరే: మాన్యువల్ వేయించండి. బీఎస్-6, సీవీటీ, డీసీటీ: బాగుచేయించండి, లేదా బాక్సు మార్చండి. ఇంట్లో మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు నడుపుతుంటే, సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ కింద ఒకసారి వాళ్ళ పక్కన కూర్చుని తర్వాత నిర్ణయించండి. అమ్మే ఉద్దేశం ఉంటే మాన్యువల్ చేయించకండి, మార్చిన బండికి కొనేవాళ్ళు వంకలు పెడతారు.

ఆటోనగర్‌లో గేర్‌బాక్సు ఒకరు, లేతు ఒకరు, వైరింగు ఒకరు, రేడియేటర్ ఒకరు. ఒకరిది ఇంకొకరి మీదికి నెట్టుకుంటే మధ్యలో నలిగేది మీరే. ఒక్క షెడ్డుకే మొత్తం బాధ్యత అప్పగించి, చీటీ మీద ఇవి రాయించుకోండి: ఫ్లైవీల్, కొత్త బోల్టులు, క్లచ్ సెట్టు, వెనక ఆయిల్ సీలు, పెడల్ సెట్టు, మాస్టర్, స్లేవ్ సిలిండర్లు, కేబుళ్ళు, డ్రైవ్‌షాఫ్టులు, సెల్ఫ్, ఈసీయూ సెట్టు, స్కానర్ పని. చీటీలో లేనిదేదైనా తర్వాత అదనపు ఖర్చుగా వస్తుంది.

బండి చేతికొచ్చాక మొదటి 500 కిలోమీటర్లు క్లచ్ మీద నెమ్మదిగా ఉండండి. ఆ తర్వాత కొండవీడు ఘాట్ రోడ్డు మీద నలుగురిని ఎక్కించుకుని రెండో గేరులో ఎక్కండి. ఆర్‌పీఎం పెరిగి బండి పెరగకపోతే క్లచ్ జారుతోంది. మలుపు దగ్గర ఆపి హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టి మళ్ళీ లాగి చూడండి. కిందికి దిగాక ఐడిల్‌లో క్లచ్ తొక్కి అయిదు సెకన్లు ఆగి రివర్సు వేస్తే గరగర రాకూడదు. వస్తే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. తెల్లారి చల్లటి ఇంజన్ మీద ఇంకోసారి ఇదే చేసి చూశాకే షెడ్డుకి మిగిలిన డబ్బులివ్వండి.